పథకానికి మార్కులు వేసేదెవరు?

ఏప్రిల్ 15 వచ్చిందంటే పూడిమడకలో ఇంజను బోట్లు ఒడ్డెక్కేస్తాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు, తూర్పు తీరమంతా వేట బంద్. మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. ఆడవాళ్ల గంపల్లోకి తాజా చేప రావడం తగ్గిపోతుంది. ఎండు చేపలు, చేబదుళ్లు, చీటీ డబ్బులు... వీటి మీదే ఇల్లు నెట్టుకురావాలి.

ఇంటర్ ఫలితాలు వచ్చేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే! 2025లో ఏప్రిల్ 12న వచ్చాయి. అంటే వేట ఆగడానికి మూడు రోజుల ముందు. పిల్ల పాసైందన్న సంతోషం ఒక పూట. ఆ తర్వాత మొదలవుతుంది అసలు లెక్క. డిగ్రీలో చేర్చాలా? నర్సింగు చదివించాలా? లేకపోతే పక్కనే అచ్యుతాపురం సెజ్‌లో బట్టల కంపెనీకి పంపేస్తే నెలకింత జీతం వస్తుంది కదా! ఏడాది మొత్తంలో చేతిలో డబ్బు అతి తక్కువగా ఉండే రెండు నెలల్లో ఆడపిల్ల భవిష్యత్తు తేలిపోతుందన్న మాట.

వేట లేని రోజులకి సర్కారు భృతి ఇస్తోంది. 2019 నుంచి కుటుంబానికి 10 వేలు ఇచ్చేవారు. 2025లో దాన్ని 20 వేలు చేశారు. చదువులకీ పథకాలు తక్కువేమీ కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008 నుంచి ఏదో ఒక పేరుతో నడుస్తూనే ఉంది. అమ్మఒడి 2020లో వచ్చింది. 2025లో తల్లికి వందనం వచ్చింది. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా పిల్లకి 15 వేలని చెప్పి, అందులో 2 వేలు బడి నిర్వహణకి పట్టుకుని, 13 వేలు తల్లి ఖాతాలో వేశారు. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు. ఆ పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టడం ఎంత బాగుందో!

ఇవన్నీ మంచివే. ఎవరూ కాదనరు. మరి ఇన్ని చేశాక మన పిల్లలు కాలేజీలో చేరడంతో ఆగిపోకుండా, పూర్తిచేసి బయటకి వస్తున్నారా? వస్తుంటే ఏ పథకం వల్ల? రాకపోతే లోపం ఎక్కడ? పిల్లల పరీక్ష పేపర్లు దిద్దడాన్ని మూల్యాంకనం అంటాం. పథకం రాసిన పేపరు ఎవరు దిద్దుతున్నారు?

ఇదేదో ఆఫీసర్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. ఈ లెక్క తప్పితే నష్టపోయేది ఆఫీసరు కాదు, మన ఇంటి పిల్ల.

పాసైన శాతం చెప్పే కథ

కాలేజీ గోడల మీద, బస్సుల వెనక చూస్తుంటాం కదా... 'మా ఉత్తీర్ణత 80 శాతం' అని! ఓ లెక్క వేసి చూద్దాం. ఒక కాలేజీలో మొదటి ఏడాది వందమంది అమ్మాయిలు చేరారనుకోండి. ఒకమ్మాయికి పెళ్లయింది. ఒకమ్మాయి తల్లికి జబ్బు చేస్తే ఇంటి పని మీద పడింది. కొందరు కంపెనీలో చేరారు. కొందరు రెండు మూడు సబ్జెక్టులు పోయేసరికి ధైర్యం చాలక ఇంట్లో ఉండిపోయారు. చివరి పరీక్షకి కూర్చున్నది 60 మంది. అందులో 48 మంది పాసయ్యారు. అరవైలో నలభై ఎనిమిది అంటే 80 శాతం. బోర్డు మీద రాసినదాంట్లో అబద్ధం లేదు. కానీ చేరిన వందమందిలో గట్టెక్కింది 48 మందే! మిగిలిన 52 మంది ఏమయ్యారో ఆ బోర్డు చెప్పదు. చెప్పమని మనమూ అడగం.

నిజానికి మధ్యలో ఎక్కువమంది మానేస్తే కాలేజీ శాతం ఇంకా పెరుగుతుంది కూడా. వెనకబడిన పిల్లలు ముందే తప్పుకుంటే మిగిలేది బాగా చదివేవాళ్లేగా! అందుకని 'పరీక్ష రాసిన వాళ్లలో' కాదు, 'చేరిన వాళ్లలో' ఎంతమంది పూర్తిచేశారని అడగాలి. ఈ ఒక్క మాట మారితే లెక్కంతా తలకిందులవుతుంది.

పోయినేడాదికీ ఈ ఏడాదికీ పోల్చి 'మా పథకం వచ్చాక పెరిగింది చూడండి' అంటారు కొందరు. అదీ నమ్మడానికి లేదు. 2021లో కరోనా వల్ల మన రాష్ట్రంలో ఇంటర్ పరీక్షలే రద్దయ్యాయి. ఆ జూలైలో ఇచ్చిన ఫలితాల్లో నూటికి నూరుమందీ పాస్! 2020లో ఎవరైనా కాలేజీ పిల్లలకి ఓ పథకం మొదలుపెట్టి ఉంటే... వాళ్లంత అదృష్టవంతులు మరొకరుండరు. దీనికి అవతలి వైపు కూడా చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరాన్ని ఊడ్చేసింది. ఇళ్ల కప్పులెగిరాయి, బోట్లు విరిగాయి, వలలు పోయాయి. ఆ జూన్‌లో మొదలైన ఏ మంచి పథకమైనా మార్చి పరీక్షల్లో చతికిలబడే ఉంటుంది. తప్పు పథకానిదా, తుపానుదా?

మా కుట్టు సర్టిఫికెట్లు

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పాలి. పాతికేళ్ల కిందట, పెళ్లయిన కొత్తలో, మా ఊళ్లో ఒక సంస్థ ఆడవాళ్లకి మూడు నెలల కుట్టు శిక్షణ పెట్టింది. పేరెందుకు లెండి. ముప్ఫైమందిమి చేరాం. నాలుగు మిషన్లుండేవి. అందులో ఒకటి ఎప్పుడూ రిపేరే. వంతు వచ్చేసరికి సాయంత్రమయ్యేది. నేను నేర్చుకున్నది తిన్నగా కుట్టు వేయడం, లంగాకి బొందు ఎక్కించడం. అయినా ఆఖరి రోజున ముప్ఫైమందికీ సర్టిఫికెట్లిచ్చారు, వరసగా నిలబెట్టి ఫొటో తీశారు. ఆ తర్వాత వాళ్లు అచ్చేసిన పుస్తకంలో మా ఫొటో కింద 'స్వయం ఉపాధి పొందిన 30 మంది మహిళలు' అని ఉంది!

ఆ ముప్ఫైమందిలో తర్వాత కుట్టుపని మీద రూపాయి సంపాదించింది నాకు తెలిసి ఇద్దరు. వాళ్లిద్దరి ఇళ్లలోనూ ముందునుంచే మిషనుంది. శిక్షణ లేకపోయినా వాళ్లు కుట్టేవాళ్లే. నేనైతే ఇప్పటికీ జాకెట్టు బయటే ఇస్తాను.

సంస్థ వాళ్లు దొంగలని కాదు. ఎంతమందికి సర్టిఫికెట్లిచ్చారని పైవాళ్లు అడిగారు, వీళ్లు చెప్పారు. ఆర్నెల్ల తర్వాత ఎంతమంది కుడుతున్నారని ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకి జవాబు ఎవరు దాచుకుంటారు?

రెండేళ్ల కాలేజీలు

కాలేజీ పిల్లల విషయంలో ఈ ప్రశ్నని పట్టుదలగా అడిగిన చోటు అమెరికా. అక్కడ కమ్యూనిటీ కాలేజీలని ఉంటాయి. మొదటిది 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో పెట్టారు. ఇంటికి దగ్గర, ఫీజు తక్కువ, చదువు రెండేళ్లు. మార్కులు తక్కువని ఎవరినీ వెనక్కి పంపరు. మన జూనియర్ కాలేజీ, పాలిటెక్నిక్, డిగ్రీ కాలేజీ కలిపి కుదించినట్టుంటాయి. చదివేవాళ్లు కూడా మనకి తెలిసినవాళ్లలాంటివాళ్లే. పగలు కొట్లో పనిచేసి సాయంత్రం క్లాసుకి వచ్చే అమ్మాయి, చంటిపిల్లని తల్లి దగ్గర వదిలి వచ్చే ఆవిడ, ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన కుర్రాడు.

మన దేశంలోనూ ఈ పేరుతో కాలేజీలున్నాయి. 1995లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం మొదలుపెట్టింది. 2009లో ఇగ్నో ఒక పథకం తెచ్చింది. 2012-13 నుంచి యూజీసీ కూడా ఉన్న కాలేజీల్లోనే పని నేర్పే సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులకి డబ్బిచ్చింది. కానీ మన పిల్లల్లో ఎక్కువమందికి ఆ పాత్ర పోషించేది దగ్గర్లోని జూనియర్, డిగ్రీ కాలేజీలే.

అక్కడ చేరడం సులువు, పూర్తిచేయడమే కష్టం. సగానికి సగం మంది పట్టా లేకుండానే తప్పుకుంటారు. అందుకని ఎన్నో కార్యక్రమాలు పెట్టారు. 2004లో మొదలైన 'అచీవింగ్ ది డ్రీమ్' అన్నది వాటిలో పెద్దది. మొదట చేరిన 26 కాలేజీలనీ గమనించి 2011లో నివేదిక ఇచ్చారు. తేలిందేమిటంటే, మొత్తం మీద పిల్లల ఫలితాల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదని! అంత డబ్బు పోసి, అంత పేరు వచ్చిన కార్యక్రమం గురించి ఉన్నదున్నట్టు అచ్చేశారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. మన దగ్గర 'మేం పెట్టిన పథకం పెద్దగా పనిచేయలేదు' అని చెప్పిన పుస్తకం మీరెప్పుడైనా చూశారా?

చీటీ తీసి చూశారు

ఇక పనిచేసిన దాని సంగతి. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం వాళ్లు 2007లో 'అసాప్' అని ఓ కార్యక్రమం పెట్టారు. అందులో ఏముందో వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఫీజులో మిగిలిన తేడా కట్టేస్తారు. పుస్తకాలు ఉచితం. సిటీ బస్సుకీ రైలుకీ నెలవారీ కార్డు ఉచితం. చదువులో వెనకబడితే ట్యూషన్. వీటన్నిటితోపాటు పిల్లని పేరుపెట్టి పిలిచే ఒక సలహాదారు. మామూలుగా అక్కడ ఒక్కో సలహాదారుకి 600 నుంచి 1500 మంది పిల్లలుంటారు. అసాప్‌లో 60 నుంచి 80 మందే. సలహాదారుని కలిస్తేనే బస్సు కార్డు చేతికొస్తుంది. అంటే పిల్ల రెండు వారాలు కనిపించకపోతే 'ఏమ్మా, ఏమైంది?' అని అడిగే మనిషి ఒకరుంటారన్న మాట. పిల్ల కూడా పూర్తిస్థాయిలో కాలేజీకి రావాలి, అది షరతు.

ఇది పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకున్నారో చూడండి. ఆసక్తి చూపిన 896 మంది పిల్లల్ని తీసుకున్నారు. అందరూ పేదవాళ్లే, అందరూ లెక్కల్లోనో ఇంగ్లీషులోనో వెనకబడినవాళ్లే. మనం చీటీల పాటలో చీటీ తీసినట్టు, లాటరీ వేసి సగంమందికి అసాప్ ఇచ్చారు, సగంమంది కాలేజీలో మామూలుగా చదువుకున్నారు. లాటరీ ఎందుకంటే, ఇష్టమున్నవాళ్లని చేర్చుకుంటే చురుకైనవాళ్లే ముందుకొస్తారు. చురుకైనవాళ్లు పథకం లేకపోయినా పాసవుతారు, మా ఊళ్లో మిషనున్న ఆ ఇద్దరిలాగా! చీటీ తీస్తే రెండు వైపులా అన్ని రకాల పిల్లలూ పడతారు. కరోనా వచ్చినా తుపానొచ్చినా ఇద్దరికీ ఒక్కలాగే తగులుతుంది. చివర్లో కనిపించే తేడా పథకానిదే అవుతుంది.

మూడేళ్లయ్యాక చూస్తే మామూలు పిల్లల్లో పట్టా పొందినవాళ్లు 22 శాతం. అసాప్ పిల్లల్లో 40 శాతం! దాదాపు రెట్టింపు.

ఖర్చు మాటేమిటంటారా? తక్కువేం కాదు. ఒక్కో పిల్ల మీద మూడేళ్లలో మామూలుగా అయ్యేదానికన్నా 16 వేల డాలర్లకి పైగా ఎక్కువైంది. అయినా ఒక్కో పట్టాకి ఎంతయిందని చూస్తే అసాప్‌లోనే తక్కువ పడింది. మనింట్లో లెక్కే ఇది కూడా. చవకని తెచ్చిన గిన్నె ఆర్నెల్లకి చిల్లుపడితే అది చవకా?

ఇది న్యూయార్క్ గొప్పేనేమో అనే అనుమానం వాళ్లకీ వచ్చింది. ఒహాయో రాష్ట్రంలో మూడు కాలేజీల్లో మళ్లీ చేశారు. అక్కడ చాలామంది సొంత కార్లలోనే వస్తారు. అందుకని బస్సు కార్డు బదులు పెట్రోలుకో ఇంటి సరుకులకో పనికొచ్చే కార్డు ఇచ్చారు. మూడేళ్లకి 19 శాతం ఒకవైపు, 35 శాతం ఇంకోవైపు. ఆరేళ్లకి సంపాదనలో కూడా 11 శాతం తేడా కనిపించింది.

లూసియానాలో జరిగింది ఇంకొకటుంది, అది మన తీరం వాళ్లు వినాల్సింది. న్యూ ఆర్లియన్స్ దగ్గర రెండు కాలేజీల్లో పిల్లలున్న పేదవాళ్లకి, ఎక్కువగా తల్లులకి, 2004లో ఒక స్కాలర్‌షిప్ పెట్టారు. టర్ముకి వెయ్యి డాలర్ల చొప్పున రెండు టర్ములు. డబ్బంతా ఒకేసారి చేతిలో పెట్టలేదు. చేరగానే పావువంతు, సగం టర్ము అయ్యాక మార్కులు పర్వాలేదనిపిస్తే పావువంతు, చివర్లో సగం. లాటరీలో డబ్బొచ్చినవాళ్లు రానివాళ్లకన్నా ఎక్కువమంది చదువు సాగించారు, ఎక్కువ సబ్జెక్టులు పాసయ్యారు. ఇంతలో 2005 ఆగస్టులో కత్రినా తుపాను వచ్చి ఊరినే ముంచేసింది. కార్యక్రమం అక్కడితో ఆగిపోయింది. కానీ అప్పటిదాకా తేలిన ఫలితం ఎటూ పోలేదు. రెండు గుంపులుగా పోల్చుకుంటూ వచ్చారు కాబట్టి మిగిలింది.

కొందరికిచ్చి కొందరికి ఇవ్వకపోవడం అన్యాయం కదా అని మీకు తోచవచ్చు. నాకూ తోచింది. అయితే డబ్బు వందమందికే ఉండి, అడిగేవాళ్లు రెండొందలమంది ఉన్నప్పుడు ఎవరికివ్వాలి? సిఫారసు తెచ్చినవాళ్లకా? చీటీ తీయడం అంతకన్నా ధర్మమే. అందరికీ ఇవ్వగలిగిన దాన్ని ఆపి లాటరీ పెడితే మాత్రం తప్పు.

నోటు పుస్తకాల లెక్క

ఇదంతా అమెరికా గోలేనా అనకండి. ఈ పద్ధతిలో పేరుపడ్డ పరిశీలనల్లో కొన్ని మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగాయి. కాలేజీల్లో కాదు, పల్లెటూరి ప్రాథమిక బడుల్లో. 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు చేశారు. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఊరూరా తిరిగి జరిపించింది. లాటరీ తీసి బడుల్ని విడదీశారు. ఒక వంద బడులకి పిల్లాడికి ఏడాదికి 125 రూపాయల లెక్కన నోటు పుస్తకాలు, అభ్యాస పుస్తకాలు వగైరా కొనుక్కోమని ఇచ్చారు. ఇంకో వంద బడులకి ఇవ్వలేదు.

మొదటి ఏడాది పుస్తకాలొచ్చిన బడుల్లో పిల్లలు బాగా చదివారు. రెండో ఏడాది కూడా డబ్బిచ్చారు. కానీ ఆ ఏడాది అదనపు లాభం కనిపించలేదు! కారణమేమిటని ఇళ్లకి వెళ్లి ఖర్చులు అడిగితే గుట్టు బయటపడింది. మొదటి ఏడాది ఆ సాయం అనుకోకుండా వచ్చింది, కాబట్టి ఇంట్లో కొనేవీ కొన్నారు, బడి ఇచ్చినవీ వచ్చాయి. రెండో ఏడాది బడిలో ఇస్తారని ముందే తెలుసు. తల్లిదండ్రులు తాము పెట్టే ఖర్చు చాలామటుకు ఆ మేరకే తగ్గించుకున్నారు. పిల్లాడి సంచిలోకి చేరినవి మాత్రం ఎప్పటిలాంటివే.

ఆ తల్లుల్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. బడి పుస్తకాలిస్తే మిగిలిన డబ్బుతో ఇంట్లో మందో, నూనో, చిన్నదానికి చెప్పులో కొని ఉంటారు. ఇల్లు నడిపే ఏ ఆడదైనా అదే చేస్తుంది. ఇంటికి మేలు జరిగింది, చదువుకి జరగలేదు. 'ఇన్ని పుస్తకాలు పంచాం' అని రాసుకునే లెక్కలో ఈ సంగతి ఎప్పటికీ కనిపించదు.

పూడిమడకలో 13 వేలో 20 వేలో ఖాతాలో పడ్డప్పుడు కూడా ఇదే ప్రశ్న. వేట నిషేధం నెలల్లో ఆ డబ్బు ముందు బియ్యానికీ అప్పుకీ వెళ్తుంది. వెళ్లాలి కూడా. దాన్ని చదువు పథకం పద్దులో రాసి, పిల్ల ఎందుకు మానేసిందని తల్లిని నిలదీస్తే ఎలా? పైగా తల్లికి వందనం ఇంటర్‌తో ఆగిపోతుంది. డిగ్రీ అంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది గానీ, అది ఆలస్యమైతే సర్టిఫికెట్లు చేతికివ్వని కాలేజీల గురించి పేపర్లో చదువుతూనే ఉన్నాం. సరిగ్గా ఇంటర్ ఫలితాలొచ్చి, బోట్లు ఒడ్డెక్కిన రోజుల్లోనే ఒక సాయం ఆగి ఇంకోటి అందకుండా ఉంటుంది.

టికెట్ లేదు, బస్సో?

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి స్త్రీశక్తి పేరుతో ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో టికెట్ అడగరు. న్యూయార్క్ పిల్లలకిచ్చిన బస్సు కార్డు లాంటిదే, ఇంకా పెద్ద ఎత్తున! కాలేజీ అమ్మాయిలకి దీనివల్ల మేలు జరిగిందా అంటే జరిగే ఉంటుందని నా మనసు చెబుతుంది. కానీ మనసు చెప్పింది సాక్ష్యం కాదుగా.

అందరికీ ఒకేరోజున ఇచ్చారు కాబట్టి పోల్చడానికి రెండో గుంపు లేదు. అయినా చూడాలనుకుంటే చూడొచ్చు. బస్సు గంట గంటకీ వచ్చే ఊళ్లు కొన్ని, రోజుకి రెండుసార్లే వచ్చే ఊళ్లు కొన్ని ఉంటాయి. టికెట్ లేకపోవడం రెండో రకం ఊళ్లకి ఏం ఒరిగిస్తుంది? ఆ రెండు రకాల ఊళ్లలో కాలేజీ మానేసిన అమ్మాయిల లెక్క 2025కి ముందూ తర్వాతా పక్కపక్కన పెడితే కొంత తెలుస్తుంది. పూడిమడక పిల్ల డిగ్రీకి వెళ్లాలంటే అచ్యుతాపురం కూడలికి వచ్చి, అక్కడి నుంచి అనకాపల్లికో ఎలమంచిలికో మరో బస్సు పట్టాలి. సాయంత్రం ల్యాబు అయ్యాక తిరుగు బస్సు ఉందా అన్నదే ఆ ఇంట్లో పెద్ద ప్రశ్న. చీకటి పడితే నాన్న ఊరుకోడు. అలా రెండుసార్లయితే చదువు బంద్. ఆ కారణం ఏ రిజిస్టర్లోనూ ఎక్కదు, 'వ్యక్తిగత కారణాలు' అని ఉంటుంది.

కంపెనీకి వెళ్లిన పిల్ల ఓడిపోయిందా?

ఇదొకటి నన్ను వేధిస్తోంది. అచ్యుతాపురంలో బ్రాండిక్స్ లాంటి బట్టల పరిశ్రమలు వచ్చాక చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు వేలమంది పనికి వెళ్తున్నారు. అక్కలు, వదినలు తెల్లారకుండా కంపెనీ బస్సెక్కడం చూస్తూ పెరిగిన అమ్మాయి ఇంటర్ కాగానే తానూ ఎక్కేస్తుంది. కాలేజీ లెక్కలో ఆమె 'మానేసిన' పిల్ల. ఇంట్లో మాత్రం ఆమె జీతంతోనే తమ్ముడి ఫీజు కడుతున్నారు. ఆమెని ఓడిపోయినవాళ్ల వరసలో రాయడానికి నాకు చెయ్యి రాదు. ఆమె ఇష్టపడి వెళ్లిందా, వేరే దారి లేక వెళ్లిందా అన్నది మాత్రం అడగాలి. ఇరవై ఏళ్లకి ఆ జీతం బాగానే ఉంటుంది. ముప్ఫైఅయిదేళ్లకి చేతిలో పట్టా లేకపోవడం ఎలా ఉంటుందో మా అక్కయ్యల తరాన్ని అడిగితే చెబుతారు.

మానేసినవాళ్లు మళ్లీ రావడానికి దారి ఉందా అన్నది కూడా పథకాన్ని దిద్దేటప్పుడు చూడాలి. దూరవిద్యలో చేరినవాళ్లున్నారు. వాళ్లలో ఎంతమంది పూర్తిచేశారో చూస్తే అదో ప్రత్యేక కథ అవుతుంది.

ఇప్పుడీ ప్రశ్నలు పూడిమడకకి ఇంకా దగ్గరగా వచ్చాయి. 2025 జనవరి 8న ప్రధాని విశాఖ వచ్చినప్పుడు పూడిమడకలో కట్టబోయే ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి శంకుస్థాపన చేశారు. పెట్టుబడి లక్షా 85 వేల కోట్ల రూపాయలని ప్రకటించారు. ఇలాంటివి వచ్చినచోట స్థానిక పిల్లలకి శిక్షణలు, ప్రత్యేక కోర్సులు పెట్టడం మామూలే. పెడితే సంతోషం. అప్పుడు శిక్షణ ఎంతమందికిచ్చారని కాక, చేరిన అమ్మాయిలెంతమంది, పూర్తిచేసినవాళ్లెంతమంది, ఏడాది తర్వాత ఆ పనిలోనే ఉన్నవాళ్లెంతమంది అని మూడు అంకెలు పక్కపక్కన అడగాలి. అమ్మాయిల అంకె విడిగా చెప్పమనాలి. అందరినీ కలిపి చెబితే మన పిల్లలు ఆ కుప్పలో కనిపించకుండా పోతారు.

వెనక పేజీల్లో

అమెరికా వాళ్లలా లాటరీలు వేసి నివేదికలు రాయడం మన చేతిలో లేదు, నిజమే. కానీ ఒక పని చేయొచ్చు. డ్వాక్రా సంఘంలో వారం వారం ఎవరెంత కట్టారో పైసాతో సహా రాసే ఆడవాళ్లకి ఇదో లెక్కే కాదు. సంఘం పుస్తకం వెనక పేజీల్లో, ఈ ఏడాది ఊళ్లోంచి ఇంటర్‌లోనూ డిగ్రీలోనూ చేరిన ఆడపిల్లల పేర్లు రాసుకోండి. దసరాకి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి, పరీక్షల ముందు ఒకసారి ఇంటికెళ్లి అడగండి. వెళ్తోందా? ఎన్ని సబ్జెక్టులు పోయాయి? మానేస్తే ఏ నెలలో మానేసింది, ఎందుకు మానేసింది? ఆ 'ఎందుకు' అన్నదాన్ని ఒక్క ముక్కలో అయినా రాయండి. బస్సు, జబ్బు, పెళ్లి, ఫీజు, కంపెనీ... రెండేళ్లు రాస్తే చాలు, ఏ నెలలో ఎక్కువమంది జారిపోతున్నారో మీకే కనిపిస్తుంది. వేట బంద్ నెలల్లోనే అని తేలితే, సాయం ఏ నెలలో రావాలో అధికారులకి చూపించడానికి మీ దగ్గర కాగితం ఉంటుంది. రెండు ఊళ్ల సంఘాలు కలిసి రాసుకుంటే పోల్చుకోవడానికి రెండో గుంపూ దొరికినట్టే.

ఆ పుస్తకంలో ఒకమ్మాయి పేరు పక్కన 'రెండు వారాల్నించి వెళ్లడం లేదు' అని రాయాల్సి వచ్చిందనుకోండి. రాసి ఊరుకోరుగా... 'ఏమ్మా, ఏమైంది?' అని అడిగే వస్తారు. న్యూయార్క్‌లో జీతమిచ్చి పెట్టుకున్న సలహాదారు చేసిన పనుల్లో అదీ ఒకటి.

పిల్లని చేర్చడానికి వెళ్లిన రోజున కాలేజీలో గోడమీద శాతం చూసి వచ్చేయకండి. 'మూడేళ్ల కిందట మీ దగ్గర చేరిన అమ్మాయిలెంతమంది? ఈ ఏడాది పట్టా పుచ్చుకున్నవాళ్లెంతమంది?' అని నిదానంగా అడగండి. గుమస్తాగారు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. రిజిస్టరు తీసి చూస్తే ఇద్దరికీ తెలుస్తుంది. వచ్చేముందు చివరి ల్యాబు ఎన్నింటికి వదులుతారో, ఆ తర్వాత అచ్యుతాపురం బస్సు ఎన్నింటికో కూడా కనుక్కోండి.